రాక్షసుడు రాయని ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

మీ సవరణల పెట్టెలో అచ్చుతప్పు అన్న అర్థంలో తరచుగా కనిపించే 'ముద్రారాక్షసం' అన్న మాట గురించి ఈ లేఖ. అచ్చుయంత్రంలో దూరి అక్షరాలను తారుమారు చేసే రాక్షసుడని దానికి అర్థం చెప్పేవారున్నారు, ఇంగ్లీషు 'ప్రింటర్స్ డెవిల్'కు అనువాదమనేవారూ ఉన్నారు. ఆ డెవిల్ తప్పు కాదు, మనిషి. అచ్చుపనిలో ఒంటినిండా సిరా పులుముకునే కుర్రవాళ్లను పనివాళ్లు వేళాకోళంగా అలా పిలిచేవారని 1683లోనే ఆంగ్ల ముద్రాకారుడు జోసెఫ్ మాక్సన్ రాశాడు.

మన మాట విశాఖదత్తుని సంస్కృత నాటకం పేరు. ఏడంకాలూ వెతికినా అందులో రాక్షసజాతివాడు ఒక్కడూ కనబడడు. రాక్షసుడన్నది నందుల మంత్రి పేరు, ముద్ర అతని ముద్రటుంగరం. భార్యాబిడ్డలను అతను తన మిత్రుడు చందనదాసు ఇంట దాచి వెళ్తాడు. వాకిట్లోకి వచ్చిన పిల్లవాణ్ని తల్లి గబుక్కున లోపలికి లాగబోతుంది; మగవాడి వేలికి చేసిన ఉంగరం కావడంతో అది ఆమె వేలి నుంచి జారి, గడప దాటి దొర్లుకుంటూ వచ్చి చాణక్యుని చారుని కాళ్ల దగ్గర ఆగుతుంది. చాణక్యుడు ఒక దొంగ ఉత్తరం రాయించి దానిపై ఆ ముద్ర వేయిస్తాడు, దాన్ని నమ్మి, రాక్షసుడు ఆశ్రయించిన రాజకుమారుడు మలయకేతువు అతన్ని వెళ్లగొడతాడు.

ముద్ర అంటే అచ్చు అన్న అర్థం స్థిరపడ్డాక ఈ పేరుతో ఎవరో చమత్కరించారు, అది నిలిచింది. అచ్చు రాక్షసుడే ఉద్దేశమైతే 'ముద్రారాక్షసుడు' అనేవాళ్లం. అమహద్వాచకంగా (మగవాణ్ని సూచించని మాటగా) 'ముద్రారాక్షసం' అంటున్నామంటే నాటకం పేరునే యథాతథంగా ఎత్తుకున్నామని నాకు తోస్తుంది.

కాబట్టి ఈ మాటను అచ్చులో పుట్టిన తప్పుకే వాడాలి. సీసపు అక్షరం అరిగి 'థ' పొట్టలోని చుక్క పడక 'అర్థం' కాస్తా 'అర్ధం' అయితే (తెలుగులో ఒక్క చుక్క పోతే అర్థం సగమవుతుంది మరి) అది ముద్రారాక్షసమే. రచయితే 'అర్ధం' అని రాసి పంపినా, విలేకరి తేదీని తప్పుగా చెప్పినా అది అచ్చు చేసిన పాపం కాదు. అటువంటి చోట 'మా పొరపాటు' అని రాయవలసిందిగా కోరుతున్నాను. రాక్షసుడు నాటకంలోనూ తాను రాయని ఉత్తరానికే నింద మోశాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు