మూడు ఓఎస్‌ల మీదా లైబ్రరీ దొరికింది: సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు

ఆడియో ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చే మా చిన్న టూల్ ఇప్పుడు లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా ఇన్‌స్టాల్ అవుతోంది. ఇన్‌స్టాల్ అయ్యాక నడుస్తోంది కూడా. ఈ రెండో వాక్యం రాయగలుగుతున్నది కొందరి పుణ్యమా అని. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది.

సమస్య ఏంటో తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. టూల్ ఒకటి, దాని వెనక సీ ప్లస్ ప్లస్‌లో రాసిన షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే విడి కోడ్ ఫైలు) ఒకటి, ఆ లైబ్రరీ ఆధారపడే, ఆడియోను కుదించి విప్పే కోడెక్ లైబ్రరీ ఇంకొకటి. బిల్డ్ చేసేది, అంటే సోర్స్ కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే పని నడిపేది, సీమేక్ అనే టూల్. బిల్డ్ ఫోల్డర్‌లోంచి నడిపితే టెస్టులన్నీ పాస్. ఇన్‌స్టాల్ చేసి నడిపితే మాత్రం లినక్స్‌లో, మ్యాక్‌లో లైబ్రరీ దొరకలేదని గోల. విండోస్‌లో అయితే ఆ గోల కూడా లేదు, ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది. రిలీజ్ తేదీ దగ్గర పడుతుంటే ఈ మౌనమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

మొదటి నమస్కారం లినక్స్ సంగతి చూసిన పెద్దాయనకు. నేను పంపిన పొడుగాటి లాగ్ అంతా చదివి ఆయన అడిగింది ఒక్కటే: "దొరకలేదంటున్నది లింకరా, లోడరా?" బిల్డ్ సమయంలో లైబ్రరీని వెతికేది లింకర్. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు వెతికేది లోడర్. ఇద్దరూ వెతికే చోట్లు వేరు, వెతికే పేర్లు కూడా వేరు కావచ్చు. లింకర్ వెర్షన్ నంబర్ లేని డాట్ ఎస్ఓ ఫైలును పట్టుకుంటుంది. లోడర్ మాత్రం లైబ్రరీ లోపల రాసి ఉన్న ఎస్ఓనేమ్ కోసం, అంటే డాట్ ఎస్ఓ డాట్ 2 లాంటి పేరు కోసం చూస్తుంది. మాది లోడర్ ఫిర్యాదు. ఆ ఒక్క ప్రశ్నతో సగం అనుమానాలు పక్కకు పోయాయి. ఆ తర్వాత మ్యాక్‌లోనూ, విండోస్‌లోనూ దారి చూపింది కూడా అదే ప్రశ్న.

బిల్డ్ ఫోల్డర్‌లో ఎందుకు నడిచిందో కూడా ఆయనే విప్పి చెప్పారు. సీమేక్ బిల్డ్ చేసేటప్పుడు లైబ్రరీ ఉన్న ఫోల్డర్ దారిని ఆర్‌పాత్‌గా, అంటే లోడర్ వెతకాల్సిన చోటుగా, ప్రోగ్రాంలోనే రాసి పెడుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తుంది. అది దాని డిజైన్, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. ఇన్‌స్టాల్ ఆర్‌పాత్‌ను విడిగా, '$ఆరిజిన్/../లిబ్' అని ('$ఆరిజిన్' అంటే ఆ ఫైలు ఉన్న ఫోల్డరే) ఇచ్చాక టూల్ తన పక్కనున్న ఫోల్డర్‌లో వెతకడం మొదలుపెట్టింది. అయినా కోడెక్ లైబ్రరీ దొరకలేదు. ఇప్పటి లింకర్లు చాలా డిస్ట్రోల్లో, అంటే లినక్స్ రకాల్లో, పాత ఆర్‌పాత్‌కు బదులు రన్‌పాత్ రాస్తాయి. రన్‌పాత్ నేరుగా ఆధారపడే లైబ్రరీలకే వర్తిస్తుంది, వాటి వెనకున్న వాటికి వర్తించదు. అందుకని మా లైబ్రరీకి కూడా విడిగా '$ఆరిజిన్' ఇవ్వాల్సి వచ్చింది. ఇంత చిన్న తేడా కోసం బైనరీ లోపల ఏం రాసి ఉందో చూపే రీడ్‌ఎల్ఫ్ అవుట్‌పుట్ ముందు పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నందుకు ఆయనకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. ప్రోగ్రాంకు కావాల్సిన లైబ్రరీల జాబితా చూపే ఎల్‌డీడీ ఎందుకు వాడలేదని అడిగితే, అది కొన్ని సందర్భాల్లో ప్రోగ్రాంను నిజంగానే నడిపేస్తుందని, ఎవరో ఇచ్చిన బైనరీ మీద దాన్ని వాడకపోవడమే మంచిదని చెప్పారు.

నెట్‌లో వెతికితే ప్రతిచోటా కనిపించే మందు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్. షెల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే చోట, సెట్ చేసే వేరియబుల్ ఇది; లైబ్రరీలను ఎక్కడ వెతకాలో లోడర్‌కు చెబుతుంది. దాని గురించి ఆయన మాట ఘాటుగానే ఉంది: "అది నీ షెల్‌కు ఇచ్చిన జవాబు. యూజర్ షెల్‌కు ఎవరిస్తారు?" డీబగ్ చేయడానికి పర్వాలేదు గానీ రిలీజ్ నోట్స్‌లో రాసే పరిష్కారం మాత్రం కాదని ఇప్పుడు నేనూ గట్టిగా అంటాను. ఆ వేరియబుల్ సెట్ చేసి వదిలేస్తే ఆ షెల్‌లోంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రాం ముందు అక్కడే వెతుకుతుంది. సిస్టమ్ అంతటికీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు లోడర్ చూసే లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ నడపమని రీడ్‌మీలో ఒక లైను చేర్చాం. ఫెడోరా తరహా 64 బిట్ సిస్టమ్‌లలో ఫోల్డర్ పేరు లిబ్64 అవుతుంది కాబట్టి పేరును మేమే రాయకుండా ఇన్‌స్టాల్ ఫోల్డర్ల పేర్లు చూసుకునే సీమేక్‌లోని గ్నూఇన్‌స్టాల్‌డిర్స్‌కు వదిలేశాం.

మ్యాక్ భాగం మొత్తం ఒక అక్క చలవ. మ్యాక్‌లో లైబ్రరీ తన ఇన్‌స్టాల్ నేమ్‌ను, అంటే తాను ఎక్కడ దొరుకుతుందో చెప్పే పేరును, తనలోనే మోసుకు తిరుగుతుంది, లింక్ చేసిన ప్రోగ్రాం ఆ పేరునే కాపీ చేసుకుంటుంది. ఆ పేర్లను చూపే ఓటూల్ తో చూస్తే కోడెక్ లైబ్రరీ పేరు బిల్డ్ మెషీన్‌లోని పూర్తి దారితో కనిపించింది. ఇంకెవరి మెషీన్‌లోనూ ఆ దారి ఉండదు కదా. దాన్ని '@ఆర్‌పాత్' తో మొదలయ్యేలా మార్చి, ఆర్‌పాత్‌ను '@లోడర్_పాత్' (లైబ్రరీని అడుగుతున్న ఫైలు ఉన్న ఫోల్డర్) ఆధారంగా పెట్టించారు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌కు మ్యాక్ రూపమైన డీవైఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పెట్టినా మా టెస్ట్ స్క్రిప్టులో ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే తెలిసింది. 2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ అనే మ్యాక్ వెర్షన్ నుంచి, సిస్టమ్ రక్షణలో ఉన్న షెల్ లాంటి ప్రోగ్రాంల గుండా వెళ్లేటప్పుడు ఆ వేరియబుల్‌ను సిస్టమ్ తుడిచేస్తుంది.

అంతా సర్దుకుందనుకునేసరికి యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత చిప్ ఉన్న) మెషీన్ మీద టూల్ నడపగానే 'కిల్డ్: 9' అన్న ఒక్క ముక్క మిగిలింది. కారణం పక్కన పెడితే, కనీసం ఏ ఫైలు అన్నది కూడా లేదు. అక్క స్క్రిప్టు తెరిచి వరుస చూశారు. ముందు డిజిటల్ సంతకం పెట్టే కోడ్‌సైన్, తర్వాత లైబ్రరీ దారులు మార్చే ఇన్‌స్టాల్_నేమ్_టూల్. సీలు వేసిన కవరును తెరిచి లోపలి కాగితం మార్చినట్టే, సంతకం అయ్యాక దారులు మారిస్తే ఆ సంతకం చెల్లదు. ఆ మెషీన్లలో సంతకం చెల్లని ప్రోగ్రాంను కెర్నల్ నడవనివ్వదు. దారులు మార్చే పని ముందు, సంతకం చివర అని వరుస మార్చగానే టూల్ లేచి కూర్చుంది.

విండోస్‌లో ఆ మౌనాన్ని ఛేదించిన తమ్ముడి తెలివికి జోహార్లు. సీఐ (కోడ్‌ను దానంతటదే బిల్డ్ చేసి టెస్ట్ చేసే ఏర్పాటు) లాగ్‌లో మిగిలింది −1073741515 అనే ఎగ్జిట్ కోడ్ ఒక్కటే. దాన్ని హెక్స్‌లోకి మార్చి చూడమన్నాడు. సీ0000135 వచ్చింది, అంటే 'డీఎల్ఎల్ దొరకలేదు' అని. డీఎల్ఎల్ అంటే విండోస్‌లో షేర్డ్ లైబ్రరీ. విండోస్‌లో ఆర్‌పాత్ లాంటిది లేదు. లోడర్ మామూలుగా ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో, సిస్టమ్ ఫోల్డర్లలో, పాత్ వేరియబుల్‌లో ఉన్న చోట్ల వెతుకుతుంది. మా ఇన్‌స్టాల్ నియమం అన్నిటినీ కలిపి లిబ్ ఫోల్డర్‌కే పంపుతూ ఉండేది. డీఎల్ఎల్ రన్‌టైమ్ కిందకు, అంటే బిన్ ఫోల్డర్‌కు వెళ్లాలి, లింకర్‌కు మాత్రమే కావాల్సిన ఇంపోర్ట్ లైబ్రరీ ఆర్కైవ్ కిందకు, అంటే లిబ్ ఫోల్డర్‌కు, వెళ్లాలి.

అతను ఇచ్చిన ఇంకో సలహా నాకు అన్నిటికంటే నచ్చింది. విండోస్‌లో ఎక్స్‌పోర్ట్ అని చెప్పని ఫంక్షన్ బయటికి కనిపించదు, లినక్స్‌లో చెప్పకపోయినా అన్నీ కనిపిస్తాయి. అందుకే ఒక ఫంక్షన్‌కు ఎక్స్‌పోర్ట్ మాక్రో (బయటికి చూపమని చెప్పే గుర్తు) లేకపోయినా లినక్స్‌లో తెలియదు, విండోస్ బిల్డ్ దాకా వెళ్లాక బయటపడుతుంది. లినక్స్‌లో కూడా విజిబిలిటీని హిడెన్ చేసేయమన్నాడు, అంటే ఎక్స్‌పోర్ట్ అని చెప్పనివి కనిపించకుండా. ఇప్పుడు అలాంటివి డెవలపర్ మెషీన్ మీదే దొరుకుతున్నాయి.

పాత డిస్ట్రోల మీద ప్యాకేజీ దింపి చూసి 'జీలిబ్‌సీ_2.34 దొరకలేదు' అని చెప్పినవారికీ థాంక్స్. జీలిబ్‌సీ అంటే చాలా డిస్ట్రోల్లో ప్రోగ్రాంలు ఆధారపడే మూల సీ లైబ్రరీ. 2.34 లేదా అంతకంటే కొత్త జీలిబ్‌సీ ఉన్న చోట బిల్డ్ చేస్తే, మెయిన్‌ను మొదలుపెట్టే లోపలి ఫంక్షన్‌కే ఆ వెర్షన్ ముద్ర పడుతుంది. ఎంత చిన్న ప్రోగ్రాం అయినా పాత సిస్టమ్ మీద లేవదు. ఇప్పుడు రిలీజ్ బిల్డ్ పాత డిస్ట్రో ఇమేజ్ మీదే చేస్తున్నాం.

ఈ మార్పులన్నీ మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నాయి. పెద్దాయన సలహా మీద సీఐలో ఒక కొత్త మెట్టు కూడా చేర్చాం: ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపి, బిల్డ్ ఫోల్డర్‌ను చెరిపేసి, ఆ తర్వాతే టూల్ నడుపుతుంది. ఆల్పైన్ అనే డిస్ట్రోలో జీలిబ్‌సీ బదులు ముసల్ అనే సీ లైబ్రరీ ఉంటుంది కాబట్టి ఈ ప్యాకేజీ అక్కడ నడవదు, దానికి వేరే బిల్డ్ కావాలి. ఆ పని మొదలుపెడుతున్నాం. పై ముగ్గురినీ మళ్లీ విసిగించే హక్కు నాకుందో లేదో వాళ్లే చెప్పాలి.