స్వర్ణముఖి వెంట మట్టి బాటలను సైకిల్ మార్గాలుగా గుర్తించండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో సైకిల్ దారుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నగరంలోని తారు రోడ్ల పక్కన గీత గీయడం, ఆ గీత మీద కార్లు, ఆటోలు నిలపకుండా చూడడం అన్న రెండు విషయాల దగ్గరే చర్చ ఆగిపోతోంది. అది అవసరమైన చర్చే. కానీ నగర పొలిమేర దాటిన మరుక్షణం నుంచి స్వర్ణముఖి గట్టు వెంట, చెరువు కట్టల మీద, మామిడి తోపుల మధ్య, కొండల కింద తరతరాలుగా నలిగిన మట్టి బాటలు ఉన్నాయనీ, తెల్లవారుజామున సైకిల్ తీసుకుని బయలుదేరేవారు ఇప్పటికే వాటిని వెతుక్కుంటూ వెళ్తున్నారనీ అధికారులు గమనించినట్టు కనిపించదు. ఉన్న బాటలనే పటంలో చేర్చి, హద్దు రాళ్లు పాతి, దారి చూపే పలకలు పెట్టి, వాటిని మట్టి బాటలుగానే కాపాడమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

తారు లేని ఇలాంటి దారుల్లో దూర ప్రయాణం చేయడాన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. రేసు సైకిల్ టైరు సాధారణంగా 25 నుంచి 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, ఈ సైకిళ్లకు 38 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గాలి తక్కువగా పట్టిస్తారు కాబట్టి టైరు రాయి తగిలినప్పుడు ఎగిరిపడకుండా కాస్త అణిగి దాని మీదుగా సాగిపోతుంది. అంతమాత్రాన ఇది డబ్బున్నవాళ్ల సరదా అనుకోనక్కర లేదు. ఇరువైపులా పాల క్యాన్లు తగిలించుకుని, గేర్లు లేని బరువైన పాత సైకిల్ మీద ఇవే బాటల్లో వెళ్లే రైతులు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల వెనకాల ఒక మైలు తొక్కి చూస్తే ఖరీదైన సైకిల్ గొప్పతనం ఎంతో తెలిసివస్తుంది.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా జరిగిందో చూస్తే మనకు కావలసింది నిధుల కంటే నిర్ణయమేనని అర్థమవుతుంది. ఇంగ్లండులో వించెస్టర్ నుంచి బయలుదేరి మళ్లీ అక్కడికే చేరే 350 కిలోమీటర్ల కింగ్ ఆల్‌ఫ్రెడ్స్ వే మార్గాన్ని 2020లో ప్రకటించారు. ఎప్పటి నుంచో ఉన్న గుర్రపు బాటలను, పల్లె దారులను ఒకదానితో ఒకటి కలపడమే అందులో జరిగిన పని. అది సాధ్యపడడానికి వెనక ఒక చట్టం ఉంది. 1968లో అక్కడ తెచ్చిన గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపు బాటల మీద సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది. నడిచేవారికీ గుర్రాల మీద వెళ్లేవారికీ సైకిల్ మీద వెళ్లేవారే దారి వదలాలన్న షరతు కూడా అందులోనే పెట్టింది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో తెల్లటి మట్టి రోడ్లు ఒక్కొక్కటిగా తారు కిందికి పోతుంటే, వాటిని నిలబెట్టాలన్న ఉద్దేశంతోనే 1997లో ఎరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర మొదలుపెట్టారు. ఆ రోడ్లు ఇప్పుడు ఆ ప్రాంతానికి పేరు తెచ్చిపెడుతున్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. వర్షాకాలంలో అంబులెన్సు రావడానికి దారి లేని ఊరికి తారు రోడ్డు వద్దని చెప్పే అర్హత ఆదివారం సైకిల్ తొక్కే పట్నవాసికి లేదు. నేను అడుగుతున్నది ఊరికి వెళ్లే రోడ్ల గురించి కాదు, పొలాలకూ ఏటికీ వెళ్లే బాటల గురించి.

మన దగ్గర ఇందుకు మొట్టమొదట తగినది స్వర్ణముఖి లోయ. చంద్రగిరికి దగ్గరలో తొండవాడ వద్ద, ముక్కోటి అగస్త్యేశ్వరాలయం పక్కన కల్యాణి, భీమా నదులు స్వర్ణముఖిలో కలుస్తాయి. అక్కడి నుంచి ఏటి వెంబడి దిగువకు వస్తే తిరుచానూరు పక్కన యోగిమల్లవరం, రేణిగుంట దాటాక గాజు పూసల తయారీకి పేరుపడ్డ పాపానాయుడుపేట, దాని చేరువలో గుడిమల్లం పరశురామేశ్వరాలయం, ఆ తర్వాత శ్రీకాళహస్తి వస్తాయి. ఈ ఊళ్లన్నిటికీ రోడ్లున్నాయి, బస్సులున్నాయి. అయినా ఏటికీ పొలాలకూ మధ్య సాగే బండ్ల బాట మీద వెళ్లినప్పుడు గానీ ఇవన్నీ ఒకే ఏటి ఒడ్డున వెలసిన ఊళ్లన్న సంగతి మనసుకు పట్టదు. బాట తెగిపోయిన చోట పల్లె రోడ్డు ఎక్కి మళ్లీ దిగవచ్చు. మొత్తం మట్టి దారే ఉండాలన్న పట్టింపు ఎవరికీ అక్కర లేదు.

ఈ నేల కూడా సైకిల్‌కు అనువైనది. మన మైదానాల్లో అడుగున ఉన్నది గ్రానైటు జాతి రాయి; అది ఏళ్ల తరబడి చివికి గరుకైన ఎర్ర మొరంగా మారుతుంది. వాన పడితే నల్లరేగడిలా చక్రానికి చుట్టుకోకుండా నీటిని త్వరగా వదిలేస్తుంది. శేషాచలం వాలు కిందికి చేరేకొద్దీ నేల మారుతుంది. పైనున్న క్వార్ట్‌జైటు కొండల నుంచి దొర్లిన రాళ్లు పలుగుల్లా అంచులు తేలి ఉంటాయి కాబట్టి అక్కడ టైరు పక్క గోడ చీలే ప్రమాదం ఎక్కువ. ఈ రెండు శిలలూ కలిసే సంధిని తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండెక్కే లక్షల మందిలో దాన్ని చూసేవారు తక్కువ. ఏటి గట్టున మాత్రం అసలు శత్రువు రాయి కాదు, సర్కారు తుమ్మ ముల్లు. మేకలు మేపేవారు కంప నరికి బాట మీద వదిలేసిన చోట ఎండిన ముల్లు మేకులా నిటారుగా దిగుతుంది. పీకగానే గాలి బుస్సుమంటుంది, టైరు లోపల పోసిన తెల్లటి సీలెంటు ద్రవం నురగలా పైకి చిమ్మి, చక్రం రెండు చుట్లు తిరిగేలోగా గడ్డకట్టి రంధ్రం మూసేస్తుంది. ట్యూబు ఉన్న సైకిలైతే ప్యాచీ వేసుకోక తప్పదు. ఏడాదికి ఒకసారి, వానలు తగ్గాక ఈ కంపను తొలగిస్తే బాట వాడకంలోకి వస్తుంది. గట్టు వెంట పొలాలున్న రైతులకు కూడా అదే మేలు.

ఇక ఇబ్బందుల సంగతి. రెవెన్యూ గ్రామ పటాల్లో బండ్ల బాటగా చూపిన దారులు చాలాచోట్ల కంచెల్లో, లేఅవుట్లలో కలిసిపోయాయి. ఇసుక ట్రాక్టర్లు దిగిన చోట గట్టు కోసుకుపోయి, బాట నిలువునా తెగింది. నగరానికి దగ్గరగా ఉన్న గట్టు మీద కోళ్ల వ్యర్థాలు మూటలు కట్టి పారేస్తున్నారు. వాటి కోసం చేరే కుక్కల గుంపులను దాటుకుని వెళ్లడం కంటే హైవే మీద లారీల మధ్య తొక్కడమే నయమని కొందరు ఆడపిల్లలు గట్టు దారి మానుకున్నారు. ఈ మూడింటిలో ఏదీ సైకిలిస్టుల కోసం ప్రత్యేకంగా చేయవలసిన పని కాదు. బాట మీద జనం తిరుగుతుంటే ఇసుక దొంగకూ చెత్త పోసేవాడికీ మరుగు ఉండదు కాబట్టి మార్గాన్ని గుర్తించడం వల్ల ఏటికి కూడా ఎంతో కొంత కాపలా దొరుకుతుందని నా నమ్మకం.

చెరువు కట్టల విషయంలో జాగ్రత్త అవసరం. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి వంతెనలు దెబ్బతిన్నాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నీరు ఊరడంతో గండి పడుతుందన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. సైకిల్ బరువు కట్టకు లెక్కలోకి రాదు గానీ, సైకిల్ దారి పేరుతో కట్టను చదును చేసి వెడల్పు చేస్తే రేపు దాని మీద ట్రాక్టర్లు, ఎల్లుండి టిప్పర్లు వస్తాయి. అందువల్ల కట్ట మొదట్లో, చివర్లో సైకిల్, మనిషి, పశువు మాత్రమే పట్టే సందు వదిలి రాళ్లు పాతాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాజ్‌వేల దగ్గర నీటి మట్టం చూపే స్తంభాలు ఉండాలి.

అడవి సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. గ్రావెల్ సైక్లింగ్ అనగానే శేషాచలం లోపలికి దారి అడుగుతున్నారని అటవీ శాఖ అనుకుంటుంది. మా సైకిలిస్టుల్లో కొందరు అలా అడుగుతున్న మాట కూడా నిజం. నేను ఆ కోరికతో ఏకీభవించను. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని కోసం దొంగలు తిరుగుతున్నంత కాలం, వేళ కాని వేళ అడవి అంచున కనిపించిన మనిషిని ఆపి ప్రశ్నించడం సిబ్బంది తప్పు కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక ఆ దారిలో వేళల ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. చంద్రగిరి, పులిచెర్ల వైపు అడవిని ఆనుకున్న పొలాల్లోకి ఏనుగులు దిగుతూనే ఉన్నాయి. మన ఎండలకు సైకిలిస్టు ఇంకా వెలుగు రాకముందే బయలుదేరుతాడు, జంతువు కూడా సరిగ్గా ఆ వేళకే నీళ్ల కోసం కదులుతుంది. కాబట్టి అడవి అంచు భాగాల్లో పూర్తిగా తెల్లవారాకే ప్రవేశం అన్న నియమం పలక మీద రాసి ఉండాలి, అందరూ పాటించాలి. కల్యాణి డ్యామ్ దగ్గర గానీ తలకోన దగ్గర గానీ ప్రస్తుతం జనాన్ని అనుమతిస్తున్న రోడ్డుతోనే సరిపెట్టుకోవాలి. కొండలు చూడాలనుకుంటే అడవిలో దూరనక్కర లేదు. నారాయణవనం, పుత్తూరు, నగరి చుట్టూ కొండల కింద పొలాల బాటల్లో వెళ్తే నగరి కొండ ముక్కు దూరం నుంచే కావలసినంత సేపు కనిపిస్తుంది.

రైతుల అంగీకారం లేకుండా ఏ మార్గాన్నీ ప్రకటించకూడదు. తోతాపురి కోతల కాలంలో పల్ప్ ఫ్యాక్టరీలకు వెళ్లే ట్రాక్టర్లు వరుసకట్టే బాటలను ఆ నెలల్లో మూసి ఉంచడమే మంచిది. అప్పటి ఎండలో తొక్కేవారు కూడా తక్కువే. ట్రాక్టరుకూ, ఎడ్లకూ, నడిచేవారికీ సైకిలిస్టే ఆగి దారి ఇవ్వాలి. తెరిచిన కంచె తలుపును మళ్లీ మూయాలి. చేలో చెనక్కాయలు పీక్కుతినడం సరదా అనుకునేవారు ఇంట్లోనే ఉండటం మేలు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. అది పూర్తయిన గ్రామాల్లో బండ్ల బాటల హద్దులు కంప్యూటర్ పటాల మీదే దొరుకుతాయి. ఉపాధి హామీ పనుల కింద పొలాలకు వేసిన గ్రావెల్ దారుల జాబితా మండల కార్యాలయాల్లోనే ఉంటుంది. ఈ రెంటినీ ఒకచోట చేర్చి, బాటల మీద తొక్కి సరిచూసే పనికి ఏర్పేడులోని ఐఐటీ, ఐసర్ విద్యార్థులనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారినీ పిలిస్తే ఉత్సాహంగా వస్తారు. మొదటి మెట్టుగా తొండవాడ నుంచి యోగిమల్లవరం వరకు ఉన్న ఏటి గట్టును తీసుకుని, ఆ దారిలోని గ్రామాల సచివాలయాల్లో ముసాయిదా పటం అతికించి, నెల రోజులు అభ్యంతరాలు స్వీకరించి, తర్వాత జిల్లా కలెక్టర్ గారు మార్గాన్ని ప్రకటించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. హద్దు రాళ్లు పాతే పని అక్టోబరు వానలకు ముందే ముగిస్తే, డిసెంబరులో నీరు తగ్గాక గట్టు ఎక్కడెక్కడ కోతకు గురైందో వాటిని బట్టే కొలుచుకోవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా