ఎలక్ట్రానిక్స్ అభిరుచి సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. ఆ నియమం లేకపోయినా ఈసారి చదివేవాణ్ణే. ఈ ఏడాది పని జరిగింది. చేసినవాళ్లు తమ గురించి తాము చెప్పుకునే రకం కాదు. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను.

ముందుగా కృతజ్ఞతలు. పాడైన రేడియోలు, ఛార్జర్లు విప్పి, పనికొచ్చే భాగాలు ఏరి డబ్బాల్లో సర్దిపెట్టిన ఇద్దరు పెద్దలకు. వోల్టులు, ఓమ్‌లు కొలిచే సొంత మల్టీమీటర్లు తెచ్చి, అందరి చేతుల్లో పెట్టి, చివరికి బ్యాటరీ అయిపోయిన మీటరుతో ఇంటికి వెళ్లిన సభ్యులకు. డబ్బాల్లో కరెంటును అడ్డుకునే 1 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు కలిసిపోతే ఒక్కొక్కటీ మీటరు పెట్టి వేరు చేసిన మన విద్యార్థి సభ్యుడికి ప్రత్యేకంగా. వాటి మీద విలువ చెప్పే రంగు చారలు ఉంటాయి: ఒకటి గోధుమ, నలుపు, ఎరుపు. రెండోది గోధుమ, నలుపు, నారింజ. పసుపు బల్బు వెలుతురులో ఆ ఎరుపుకీ నారింజకీ తేడా పట్టే కళ్లు మనలో ఎవరికీ లేవని ఆ రోజే తేలింది.

నెలవారీ సమావేశాల్లో చీకటి పడితే వెలిగే దీపం, ఎల్ఎం386 చిప్‌తో శబ్దం పెంచే చిన్న ఆంప్లిఫయర్, నీళ్ల ట్యాంకు అలారం చేయించాం. దీపం దగ్గర చాలామంది తడబడ్డారు. బీసీ547 ట్రాన్సిస్టర్ చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి మూడు కాళ్ల పేర్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 అనే ఇంకో ట్రాన్సిస్టర్ అయితే సరిగ్గా తిరగేసి. రెండూ ఒకే డబ్బాలో పడేసింది నేనే, తప్పు ఒప్పుకుంటున్నాను. ట్యాంకు అలారం మొదటి రోజు బ్రహ్మాండంగా మోగింది. కొన్ని వారాలకే నీళ్లలో ఉన్న రాగి తీగ పచ్చబడి, కరిగిపోయి, అలారం మూగబోయింది. డీసీ కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకి పారుతూ ఉంటే జరిగేది అదే. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెట్టి, మీట నొక్కినప్పుడే కరెంటు వెళ్లేలా మార్చాం. ట్యాంకు నిండిందో లేదో మనమే వెళ్లి నొక్కి చూసుకోవాలి. దాన్ని ఇంకా అలారం అనొచ్చా అని ఒక సభ్యుడు అడిగారు, జవాబు చెప్పలేకపోయాను.

ఇక ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది కొత్తవాళ్ల కోసం పెట్టిన ఒకరోజు శిక్షణ. 555 టైమర్‌తో మిణుకుమిణుకుమనే దీపం. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించగా మరుసటి ఏడాది సిగ్నెటిక్స్ సంస్థ అమ్మకానికి పెట్టిన ఈ ఐసీకి, అంటే చిప్‌కి, ఎనిమిది కాళ్లే. అర్ధ శతాబ్దం దాటినా మొదటి పాఠానికి దీన్ని మించింది నాకు కనబడలేదు. 10 కిలో ఓమ్, 68 కిలో ఓమ్ రెసిస్టర్లు, విద్యుత్తును కాసేపు నిలవ చేసే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఎల్ఈడీకి 470 ఓమ్‌లు, 9 వోల్టుల బ్యాటరీ. ఇంచుమించు సెకనుకోసారి వెలిగి ఆరుతుంది. రెండో కాలూ ఆరో కాలూ కలపాలి, నాలుగో కాలు పాజిటివ్‌కి వెళ్లాలి అని బోర్డు మీద గీసి చూపించాం.

వరసగా దీపాలు మిణుకుమన్నాయి. చివరి బల్ల దగ్గర ఒకాయనది మాత్రం చలించలేదు. ఎల్ఈడీ తిప్పి పెట్టాం. ఐసీ మార్చాం. కెపాసిటర్ మైనస్ చార ఎటుందో చూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆఖరికి మన పెద్దాయన ఏమీ మాట్లాడకుండా మీటరు మొనలు, సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు అంచున పెట్టారు. ఎడమ సగంలో 9 వోల్టులు, కుడి సగంలో సున్నా. అప్పుడు చూశాం: ఆ అంచున పాజిటివ్ రంధ్రాల వరసను చూపే ఎర్ర గీత మధ్యలో చిన్న ఖాళీ ఉంది. గీత తెగినచోట లోపల రేకు కూడా తెగే ఉంటుంది. "ఎర్ర గీత పొడుగునా ఒకటే పాజిటివ్" అని పొద్దున్నే మైకులో పాఠం చెప్పింది నేను. చిన్న తీగ ముక్కతో రెండు సగాలూ కలిపారాయన, దీపం మిణుకుమంది. ఆ బల్ల దగ్గర లేచిన చప్పట్లు నా ప్రసంగానికి రాలేదు.

కార్యకర్తల జాబితాలో పేరు రాసుకుని ఆ రోజు కనబడని సభ్యుల గురించి కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తనివారు కొందరు, "దారిలో ఉన్నాను" అని సాయంత్రం దాకా దారిలోనే ఉన్నవారు మరికొందరు. ఉన్న కొద్దిమందే తలా మూడు బల్లలు చూసుకున్నారు. హాలు కోసం సంబంధిత అధికారులకు ముందుగానే దరఖాస్తు ఇచ్చాం. అనుమతి పత్రం వచ్చింది, శిక్షణ అయిపోయిన తర్వాత. దాన్ని ఫైల్లో భద్రపరిచాను.

ఒక నిర్ణయం మీద కొందరికి కోపం ఉందని తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో మెయిన్స్ (ఇంటి ప్లగ్గు) కరెంటు తగ్గించి ఎల్ఈడీలు వెలిగించే ప్రాజెక్టు వద్దన్నాం. ఆ సర్క్యూట్‌లో ఎక్కడ వేలు పెట్టినా మెయిన్స్‌ని ముట్టుకున్నట్టే. కొత్తవాళ్ల చేతికి బ్యాటరీ ప్రాజెక్టులే ఇస్తాం. దీని మీద చర్చకు సిద్ధం, మార్పుకు కాదు.

జమాఖర్చులు కోశాధికారి సంతకంతో జతచేశాం, చూసుకోగలరు. సోల్డర్ తీగ అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయింది. సరిగా పట్టని డ్రై సోల్డర్ అతుకులు మళ్లీ మళ్లీ కాల్చడమే కారణం.

చివరగా, కరిగిన సోల్డర్‌ని పీల్చే సంఘం సోల్డర్ పంపు ఒకటి కనబడటం లేదు. తీసుకెళ్లినవారు సమావేశం ముగిసేలోగా బల్ల మీద పెట్టేస్తే చాలు, ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి