చీటీలు పంపకండి, టికెట్టు కొనండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత వారం మీ జిల్లా పేజీలో ఒక పెద్దమనిషి మా చిత్తూరు గురించి ఉత్తరం రాశారు. ఈ నెలాఖరు ఆదివారం సాయంత్రం ఒక కల్యాణ మండపం మేడ మీద నలుగురు పిల్లలు టికెట్టు పెట్టి తాము కట్టుకున్న పాటలతో కార్యక్రమం చేయబోతున్నారనీ, దానివల్ల ఊరి ప్రశాంతత చెడుతుందనీ, ఈ గిటార్ల గోల బదులు అన్నమయ్య కీర్తనలు నేర్చుకుంటే పుణ్యమైనా దక్కుతుందనీ ఆయన బాధపడ్డారు. జవాబు చెప్పవలసింది ఆ పిల్లలే. కానీ వాళ్లు సాధనలో పడి పత్రిక చూసినట్టు లేరు, అందుకే నేను రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఆ రోజు సౌండు నాదే. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో మైక్ సెట్ అద్దెకిస్తున్నాను. ఈ ఉత్తరంలో నా స్వార్థం లేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. అద్దె ఆరు వేలు, అడ్వాన్సు వెయ్యి ముట్టింది.

బృందం పేరు రాయను. రాస్తే అది ప్రకటన అవుతుంది, ప్రకటనకు మీ దగ్గర వేరే రేటు ఉంది. పాడే అమ్మాయి ఒక డెయిరీలో పాల వెన్న శాతం పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. గిటారు అబ్బాయికి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. బేస్ గిటారు వాయించేది ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. డ్రమ్స్ వాయించే కుర్రవాడి తండ్రీ తాతా పలక డప్పులు వాయించినవాళ్లే, గంగజాతరలో వాళ్ల దెబ్బ విన్నవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

ముందు శబ్దం సంగతి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు మోగకూడదు, తలుపులు మూసిన హాళ్లకు మాత్రం మినహాయింపు. ఇళ్లున్న చోట పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. బహిరంగ స్థలంలో మైకు పెడితే దాని హద్దు దగ్గర శబ్దం ఆ పరిమితి కన్నా పది డెసిబెల్స్‌కు మించి ఉండకూడదు, ఎక్కడైనా సరే 75 దాటకూడదు. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే పోలీసు స్టేషనుకు అనుమతి అర్జీ రాసేది ఎప్పుడూ నేనే. కార్యక్రమం సాయంత్రం ఆరున్నరకు మొదలై ఎనిమిదీ ముప్పావుకు ముగుస్తుంది. నిబంధనల లెక్కలో అది ఇంకా పగలే. పలమనేరు, బంగారుపాళ్యం వైపు వెళ్లేవాళ్లకు బస్సు దొరకాలని వాళ్లే పెట్టుకున్న సమయం అది.

గోడలకు ఆగనివి లోతు శబ్దాలు. పక్కింటివాళ్లకు పాట వినిపించదు, డ్రమ్ము దెబ్బ ఒక్కటే వినిపిస్తుంది, విసుగు పుట్టించేది అదే. ఈ సంగతి తెలుసు కాబట్టే డ్రమ్ముల కింద మందపాటి రబ్బరు షీటు పరుస్తున్నాం, బాక్సులను వీధి వైపు కాకుండా వెనుక ఖాళీ స్థలం వైపు తిప్పుతున్నాం. జాతరకు కరెంటు స్తంభానికి రెండేసి గొట్టాలు కట్టినప్పుడు, పార్టీ సభకు బాక్సులు మేడ ఎత్తున పేర్చినప్పుడు ఈ పెద్దమనిషి పత్రికకు ఉత్తరం రాసినట్టు నాకు గుర్తు లేదు. నలుగురు పిల్లలు గిటారు పట్టుకుంటేనే ఊరి ప్రశాంతత గుర్తొచ్చింది.

ఇక అన్నమయ్య. ఆయన 1408 నుంచి 1503 దాకా జీవించాడని చెబుతారు. ఆ కాలంలో జనం పాడుకునే సువ్వి, లాలి, ఉయ్యాల, గొబ్బి పాటల వరుసలు తీసుకుని తన మాటలతో తన పాటలు కట్టుకున్నాడు. ఆ పాటలు రాగిరేకులకెక్కి, తిరుమల గుడిలో ఒక అరలో వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. అన్నమయ్య కూడా అప్పటికే ఊళ్లో ఉన్న పాటలే పాడుతూ కూర్చుని ఉంటే ఆ రేకుల అవసరమే వచ్చేది కాదు. ఈ పిల్లలు అన్నమయ్యతో సమానమని నేను అనను, అంత తెలివితక్కువవాణ్ని కాను. కానీ సొంత పాట కట్టుకునేవాళ్లను ఆయన పేరు చెప్పి మందలించడం నాకు నచ్చలేదు. గిటారు పరదేశీ వాద్యమని ఆయన అన్న మాటకూ ఇదే జవాబు. నాటకాల్లో పద్యానికి ఆసరాగా నిలిచిన హార్మోనియం కూడా బయటి నుంచి వచ్చిందే. మనది కాదని ఆకాశవాణి దాన్ని 1940లో నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. అయినా ఊళ్లలో హార్మోనియం ఎవరూ ఆపలేదు.

అసలు నేను రాయాలనుకున్నది ఇదేమీ కాదు, డబ్బు సంగతి.

మా జిల్లాలో ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరి రోజు మట్టి దుర్యోధనుడు పడతాడు. నా మైకులు ఎక్కువగా తిరిగింది ఆ గుళ్ల చుట్టూనే. అక్కడ డబ్బిచ్చేది ఆ రోజు ఖర్చు పెట్టుకునే ఉభయదారుడు, వినేది ఊరు. పెళ్లిలో ఆర్కెస్ట్రాకు డబ్బిచ్చేది పెళ్లికూతురి తండ్రి. చవితి పందిట్లో చందాలు, పార్టీ సభలో నాయకుడు. నాకు అద్దె ఇచ్చే మనిషి ఎప్పుడూ వేదిక పక్కన నిలబడి వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతూ ఉంటాడు, పాట వినడు. వినేవాడికి అది ఉత్తినే వచ్చింది కాబట్టి భోజనం పిలుపు రాగానే లేచిపోతాడు. పాట బాగుందా లేదా అన్నది ఎవరూ తేల్చరు, తేల్చవలసిన పనీ ఎవరికీ లేదు.

పైగా ఆర్కెస్ట్రాకు చీటీలు. నూరు రూపాయల నోటుకు గుండుసూదితో గుచ్చి పంపుతారు. అందులో సినిమా పాట పేరు, కింద ఫలానా మామగారి కోరిక మేరకు అని. గాయకుడు పాడుతున్నది ఆపి ఆ పేర్లన్నీ గట్టిగా చదవాలి. ఆ నూరు రూపాయలు పాటకు ఇచ్చినవని నేను ఎన్నడూ అనుకోలేదు, పేరు మైకులో వినిపించినందుకు ఇచ్చినవి.

ఈ ఆదివారం అలా కాదు. వినేవాడే డబ్బిస్తాడు. టికెట్టు 150 రూపాయలు. వాళ్ల లెక్కల కాగితం లెక్కల మాస్టారు నాకు చూపించాడు. హాలుకు 7,000. నాకు 6,000. డ్రమ్ముల సెట్టు వేలూరు నుంచి వ్యానులో తెప్పించడానికి 2,500. నూట ఇరవై కుర్చీలకు ఎనిమిదేసి రూపాయల చొప్పున 960. పోస్టర్లకు 1,200. మొత్తం 17,660. కుర్చీలన్నీ నిండితే వచ్చేది 18,000. మిగిలేది 340, నలుగురికీ పంచితే తలా 85 రూపాయలు. ఆ కాగితం చూసి నా అద్దెలో ఐదువందలు తగ్గిస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఉచితం మొదలుపెడితే అది మీతోనే ఆగదు మామా అన్నాడు మాస్టారు. నిజమే, ఇప్పటికే నలుగురి బంధువులూ పాసులు అడుగుతున్నారట. పాసులు లేవు. పాడే అమ్మాయి తల్లి కూడా టికెట్టు కొనుక్కుంది.

హాలు ఏడు వేలకు ఎలా దొరికిందని అడగవచ్చు. ఇది ఆషాఢం, ముహూర్తాలు లేవు, మండపాలన్నీ ఖాళీ. అదీ పెద్ద హాలు కాదు, మేడ మీద భోజనాలు పెట్టే హాలు. విస్తళ్ల బల్లలు తీసేసి కుర్చీలు వేస్తున్నాం. సాంబారు వాసన పూర్తిగా పోదు.

ఆ హాలుకు నేల గ్రానైటు, గోడలకు టైల్సు. ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే శబ్దం గోడలకు తగిలి తిరిగి తిరిగి వస్తుంది, మాట మీద మాట పడి ఏదీ అర్థం కాదు. మనుషులు కూర్చుంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ ఆ శబ్దాన్ని పీల్చుకుంటాయి. నూట ఇరవై మంది నిండితే అదే హాలు చక్కగా పలుకుతుంది. నలభై మందే వస్తే నా దగ్గరున్న ఏ మిక్సరూ దాన్ని బాగుచేయలేదు. ఈ పిల్లలకు జనం కావలసింది డబ్బుకు మాత్రమే కాదు, పాట వినిపించడానికి కూడా. ఇంతవరకు అమ్మింది నలభై పైచిలుకు టికెట్లు.

ఇంకో చిక్కు కరెంటు. గిటారు తగిలించగానే బాక్సు గుయ్‌మంటోంది. అది కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్, ఎర్తు సరిగా లేని చోట తప్పదు. పెళ్లిళ్లలో ఎవరూ పట్టించుకోరు, నాదస్వరం ముందు అది వినిపించదు. ఇక్కడ పాట మెల్లగా మొదలవుతుంది. అందుకని ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి రోజూ నీళ్లు పోయిస్తున్నాను, సీరియల్ లైట్లు పెట్టవద్దని మండపం మేనేజరుకు చెప్పాను. లైట్లు లేకుండా కార్యక్రమమేమిటని ఆయన ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

సాధనంతా నా గోడౌనులోనే. మైకు ముందుకు వచ్చిన ప్రతి గాయకుడూ నాతో అనే మొదటి మాట ఎకో పెంచమని. ఎకోలో శ్రుతి తప్పినా తెలియదు, మాట మింగినా తెలియదు. ఈ అమ్మాయి రాగానే, ‘మామా, ఎకో మొత్తం తీసేయండి, మాట వినపడాలి’ అంది. తీసేశాను. గొంతు బోసిగా బయటికి వచ్చింది. రెండో చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది, అక్కడ కొంచెం తడబడింది, మళ్లీ ఎత్తుకుంది. ఎకో కావాలా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ పాట తోతాపురి మామిడి గురించి. ఈ రోజుల్లో మా ఊరి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎలా నిలబడి ఉంటాయో మీ విలేకరులు ఫొటోలతో రాస్తూనే ఉన్నారు. కిలోకు ఎంత ఇస్తారో తెలియకుండానే రైతు వరుసలో ఉంటాడు, ఎండకు కాయ మెత్తబడుతూ ఉంటుంది. పాటలో ఒక నాన్న రెండు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకుంటాడు. పల్లవిలో మాటలు లేవు, గేటు దగ్గర పిలిచే టోకెను నంబర్లే పల్లవి. నంబర్లు పెరుగుతాయి, నాన్న నంబరు మాత్రం రాదు. కింద డ్రమ్ముల మీద నడిచేది పలక దెబ్బ, ఆ కుర్రవాడు ఇంటి నుంచి తెచ్చుకున్నది. నా గోడౌనులో పనిచేసే మనిషికి గుడిపాల దగ్గర రెండెకరాల తోట ఉంది. అతను వైర్లు చుట్టడం ఆపి ఆ నంబర్లు వింటూ నిలబడ్డాడు, పాట అయ్యాక, ‘మూడో రాత్రి కూడా ఉంటుందని రాయమ్మా’ అన్నాడు. ఆ అమ్మాయి రాసుకుంది. ఆదివారానికి పాటలో మూడు రాత్రులు ఉంటాయి. అన్ని పాటలూ ఇంత బాగున్నాయని చెప్పను. ప్రేమ పాటలు రెండున్నాయి, అవి ఎక్కడో విన్నట్టే ఉన్నాయి.

టికెట్టు పెట్టడం ఈ ఊరికి కొత్త అనేవాళ్లకు ఒక మాట. సురభి నాటక సమాజం 1885లో మొదలైంది, ఊరూరా డేరాలు వేసి టికెట్లు అమ్ముకునే బతికింది. మా ఊరి పేరును తెర మీదికి ఎక్కించిన నాగయ్య గారు పుట్టింది 1904లో, రేపల్లెలో. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో ఆడి పాడిన తరువాతే చిత్తూరు ఆయన ఇంటిపేరైంది. మా నాన్న నాటకాల పిచ్చివాడు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్లట, నటుడు చనిపోయే సన్నివేశంలో కూడా లేచి కూర్చుని మళ్లీ పాడేవాడట. నచ్చకపోతే ఊరుకునేవాళ్లూ కాదట. సొంత డబ్బు పెట్టినవాళ్లు కాబట్టి ఆ గొడవ. ఆ గొడవ నాకు కావాలి.

అందుకని వచ్చేవాళ్లకు ఒకటే మనవి. సినిమా పాట పాడమని చీటీలు పంపకండి. వాళ్లకు సినిమా పాటలు రాక కాదు, ఆ అమ్మాయి పెళ్లి ఆర్కెస్ట్రాల్లో తెలుగూ తమిళమూ రెండూ పాడింది. ఈ ఒక్క సాయంత్రం వాళ్ల పాటలు విందాం. నచ్చితే వన్స్‌మోర్ అనండి. ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి కూడా రావాలి. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లవచ్చు, మెట్ల దగ్గర నా మనిషి ఉంటాడు, ఫలానా పాట బాగాలేదని అతనికి చెప్పి వెళితే చాలు, వాళ్లకు చేరుస్తాను.

మీ విలేకరిని కూడా పంపండి. ముందు వరుసలో కుర్చీ ఉంచుతాం. టికెట్టు మాత్రం ఆయనకూ 150 రూపాయలే.

ఇట్లు,
ఒక మైక్ సెట్ యజమాని,
చిత్తూరు