బరోడాలో ఉన్న నీకు, మన చిత్రకారుల గురించి

ప్రియమైన మిత్రమా,

బరోడాకు బదిలీ అయిన తరువాత నువ్వు రాసిన ఉత్తరం అందింది. లక్ష్మీవిలాస్ ప్యాలెస్ ఆవరణలోని మ్యూజియంలో రవివర్మ చిత్రాలు చూశానని, వాటి ముందు నిలబడగానే నేను గుర్తుకు వచ్చానని రాశావు. చాలా సంతోషం కలిగింది. అయితే నన్ను ఇలా కూర్చోబెట్టి ఇంత పెద్ద ఉత్తరం రాయిస్తున్నది నువ్వు చివర్లో వేసిన ప్రశ్న. రవివర్మ తరువాత మనవాళ్లలో అంతటివాళ్లు ఎవరున్నారని, ఆఫీసు నుంచి రాగానే బొమ్మల ముందు కూర్చునే నేను ఎవరిని చూసి నేర్చుకుంటున్నానని అడిగావు. అంతటివాళ్లు మన కాలంలోనే ఉన్నారు. పైగా నాకు ప్రాణసమానమైన ఇద్దరు చిత్రకారులు చదువుకున్నది నువ్వు ఇప్పుడు కాపురం పెట్టిన ఊళ్లోనే.

మొదట లక్ష్మాగౌడ్ గురించి చెప్పనివ్వు, ఎందుకంటే ఆయన పేరు ఎత్తకుండా నేను గీత గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన ఆయన హైదరాబాదులో లలితకళల చదువు పూర్తిచేసి, 1963లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడ కుడ్యచిత్రకళను, పలక మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్‌ను నేర్చుకున్నారు. ఆయనకు గురువు కె.జి.సుబ్రమణ్యన్. కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వంటి వారి దగ్గర చదివిన ఆ మహానుభావుడు నూనెరంగుల చిత్రానికి ఎంత విలువ ఇచ్చారో మట్టి పలకకు, నేతకు, పిల్లల ఆటబొమ్మకు, గాజు మీద వేసే బొమ్మకు కూడా అంతే విలువ ఇచ్చారు. అటువంటి గురువు దగ్గర చదువుకున్న శిష్యుడు మళ్లీ తన పల్లె వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. లక్ష్మాగౌడ్ బొమ్మల నిండా ఆయన చిన్నప్పుడు చూసిన మనుషులు, మేకలు, ముళ్లచెట్లు, మట్టిగోడలు ఉంటాయి. స్త్రీపురుషుల మధ్య ఉండే కోరికను కూడా ఆయన దాచిపెట్టలేదు. చెట్టు చిగురించినంత సహజంగా దాన్ని ఆ పల్లె బతుకులోనే కలిపి గీశారు. కొందరికి అది ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు, కాని నాకు మాత్రం అందులో గొప్ప నిజాయితీ కనిపిస్తుంది.

ఆయన ఎచింగ్‌లను, అంటే యాసిడ్‌తో లోహపు పలక మీద గీతలు దించి తీసిన అచ్చుబొమ్మలను, పుస్తకాల్లో చూసినప్పుడు అవి ఇంకు పెన్నుతో గీసినవని ఎవరైనా అనుకుంటారు. అసలు ప్రింటు ముందు నిలబడితే సంగతి వేరుగా ఉంటుంది. బొమ్మ చుట్టూ కాగితం కొద్దిగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, అది లోహపు పలక అంచు పడిన గుర్తు. జింకు పలక మీద మైనపు పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ఆ పలకను యాసిడ్‌లో ముంచితే, బయటపడిన ఆ గీతల్లోనే యాసిడ్ లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, నల్లగా దిగుతుంది, తొందరగా తీస్తే వెంట్రుకంత సన్నగా మిగులుతుంది. తరువాత పలక అంతా సిరా పట్టించి, గుడ్డతో పైపైన తుడిచేసి, తడిపిన కాగితాన్ని పరిచి ప్రెస్సు రోలరు కింద నడిపిస్తే, గీతల్లో మిగిలిన సిరా కాగితానికి ఎక్కుతుంది. కుడిఎడమలు తారుమారవుతాయి కనుక, చేయి తిరిగిన మనిషి ఆ బొమ్మను మొదటి నుంచీ అద్దంలో చూసినట్లు తిరగేసే ఊహించుకోవాలి. ఇంత పని జరిగిన తరువాత కూడా ఆయన మేకపోతు గడ్డం మీది వెంట్రుకలు గాలికి కదులుతున్నట్లే ఉంటాయి. దాని పక్కన కూర్చున్న మనిషి మోకాలి మీద చర్మం ముడతలు సన్నని అడ్డగీతలతో తేలి, నీడ ఉన్నచోట ఆ గీతలే ఒకదాని మీద ఒకటి పడి చిక్కగా అల్లుకుంటాయి. నీడను పూయకుండా గీతలతోనే నేయవచ్చునని నాకు తెలిసింది అక్కడే. అప్పటి నుంచి నేను పెన్సిలు నీడలు రుద్దడం మానేసి, నిబ్బు పెన్నుతో, నల్ల ఇంకుతో మాత్రమే గీస్తున్నాను. రైతుబజారులో కూరగాయలు అమ్మే అవ్వల చేతులు గీయడానికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు దొరకలేదు.

ఆయన హైదరాబాదు దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఎచింగ్ దగ్గరే ఆగిపోకుండా టెర్రకోటలోను, కంచులోను, పాస్టెల్ రంగులలోను, గాజు వెనుకవైపు నుంచి బొమ్మ వేసే పద్ధతిలోను పని చేశారు. ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేసేవాళ్లకు ఆయన జీవితమే పెద్ద ధైర్యమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక రెండవవారు తోట వైకుంఠం. ఆయన బొమ్మ నువ్వు చూసే ఉంటావు. నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, నల్లని మేనిఛాయ, నిండైన ఎర్రచీర, తలలో పూలు, ముక్కుకు నగ, భుజం మీద చిలక. క్యాలెండర్ల మీద, హోటళ్ల గోడల మీద ఆ ముఖాలు ఎంతగా వ్యాపించాయంటే, చాలామంది వాటిని చూస్తూ చూడకుండానే వెళ్లిపోతున్నారు. అసలు చిత్రాన్ని నిదానంగా చూడాలి. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఈయన చిన్నతనంలో ఊరికి వచ్చే నాటక సమాజాలలో ఆడవేషం కట్టే మగ నటులను చూసి ముగ్ధుడయ్యేవారట. ఆ సంగతి తెలిసిన తరువాత ఆ బొమ్మల్లోని నగలు, పెద్దబొట్టు, రంగస్థలం మీద నిలబడినట్లుండే ఆ నిలువుతీరు నాకు కొత్తగా అర్థమయ్యాయి. ఆయన కూడా 1970ల మొదట్లో బరోడాకు వెళ్లి సుబ్రమణ్యన్ దగ్గరే చదువుకున్నారు. "దాసి" సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నది కూడా ఈయనే. దొరల గడీల నాటి ఆ గదులను అంత నమ్మకంగా చూపించడం ఈ కంటికే సాధ్యం.

రంగుల విషయంలో నేను ఆయనకు పూర్తిగా దాసోహం. ఎరుపు పక్కన నారింజ పెట్టి, వాటి మధ్య ఏ మెత్తని కలయికా లేకుండా ఒక్క చీర అంచుతో విడదీస్తారు. రెండు రంగులూ ఒకదాన్ని ఒకటి మింగవు. అదే పని నేను చేయబోతే రెండూ కలిసి ఇటుకపొడి రంగు అవుతున్నాయి, అందుకే ఈ నెలంతా పసుపు, ఎరుపు, నీలం తప్ప మరో గొట్టం మూత తీయకూడదని పట్టు పట్టాను. అయినా నీకు ఒక మాట చెప్పాలి. అందరూ మెచ్చుకునే ఆ రంగుల చిత్రాల కంటే, అంతకుముందు ఆయన బొగ్గుతో వేసిన బొమ్మలంటేనే నాకు ఎక్కువ ఇష్టం. రంగు అండ లేకుండానే ఆ స్త్రీల వీపు, భుజం, నడుము బరువుగా, గుండ్రంగా, కాగితాన్ని ఆక్రమించుకుని కూర్చుంటాయి. ఈ విషయంలో నాతో వాదించాలనుకుంటే బొమ్మలు చూసిన తరువాతే వాదించు.

మూడవవారు బరోడా మనిషి కాదు, కాని వదిలిపెట్టలేను. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టిన సూర్యప్రకాశ్ 2019లో మనల్ని విడిచి వెళ్లారు. ఢిల్లీలో చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర నేర్చుకున్న ఈయన ఒకప్పుడు పాడుబడిన మోటారు బండ్ల తుక్కును గీశారు, తరువాత తామర చెరువుల వైపు మళ్లారు. తుప్పులో ఉన్న రంగులను చూసిన కన్నే నీటిలోని రంగులను కూడా చూసిందని నాకు అనిపిస్తుంది. ఆ తరువాతి తరంలో ఏలె లక్ష్మణ్ ఉన్నారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించినది ఆయనేనని నీకు తెలుసు, కాని పల్లె మనుషుల ముఖాలను ఆయన గీసిన తీరు చూస్తే మన ఊరి పెద్దవాళ్లను పేరుపెట్టి పిలవాలనిపిస్తుంది.

వీళ్లందరిలో నన్ను పట్టి లాగేది ఒక్కటే. చూసిన ఊరినే, ఎరిగిన మనుషులనే జీవితమంతా విడవకుండా చూశారు, విసుగు చెందలేదు. నేను ఇన్నాళ్లుగా ఆ రైతుబజారును వదలకుండా గీస్తూ ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు నీకు ఒక పని అప్పగిస్తున్నాను. 1950లో మొదలైన అక్కడి ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీకి ఒక సెలవురోజు కాకుండా పనిరోజున వెళ్లు. ప్రింట్‌మేకింగ్ విభాగాన్ని బయటివారు చూడవచ్చునా అని అడిగి, చూడనిస్తే ఆ ప్రెస్సు ఎంత పెద్దదో, వాళ్లు ఏ కాగితం వాడుతున్నారో, ఎంతసేపు తడుపుతున్నారో కనుక్కుని రాయి. చిత్రకారుడు జ్యోతి భట్ ఎచింగ్‌లు కాని, పల్లెల్లో ఇంటి గోడల మీది బొమ్మలకు, ముంగిట ముగ్గులకు ఆయన తీసిన ఫోటోలు కాని ఎక్కడైనా ప్రదర్శనలో ఉంటే తప్పకుండా చూడు. మీ అమ్మగారు వేసే ముగ్గులను ఇష్టంగా చూసే నీకు అవి నాకంటే ఎక్కువ నచ్చుతాయి. నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పూట నాకోసం అట్టేపెట్టుకుంటే, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో అప్పటికి ఏ ప్రదర్శన నడుస్తుంటే అది చూసి, అక్కడి నుంచి మా ఇంటికి భోజనానికి వద్దాం. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు చెప్పు. జవాబు ఆలస్యం చేయవద్దు.

ఇట్లు,
నీ మిత్రుడు