అంకారాలో ఆ రాత్రి సిమిత్ పెట్టిన పెద్దమ్మకి

మీ పేరు అడగాలని కూడా తట్టలేదు నాకు, అందుకే ఇలా రాస్తున్నా. టర్కిష్ నేర్చుకుందామని అంకారా వచ్చి అప్పటికి మూడు నెలలు, క్లాసులో ప్రత్యయాలన్నీ టకటకా తగిలించేదాన్ని, తీరా జనవరి రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. మందుల షాపు మూసేశారు. అక్కడ రాత్రిళ్ళు వంతులవారీగా కొన్ని షాపులు తెరిచి ఉంటాయి, నొబెత్చి ఎజ్జానే అంటారు, వాటి అడ్రస్ మూసిన షాపు తలుపు మీదే ఉంటుంది. నేను దాన్ని కూడబలుక్కుంటుంటే వెనకనుంచి మీరు "కిజిమ్" అన్నారు, మనం తల్లీ అన్నట్టే.

జారుడు మంచులో నా చెయ్యి వదలకుండా నడిపించుకెళ్ళారు. టాబ్లెట్ వేసుకోబోతే లాగేసుకుని "తోక్ కర్నినా!" అని మీ పొట్ట మీద తట్టి చూపించారు, అంటే తిన్నాకే వేసుకోవాలని. సంచిలోంచి సిమిత్, అదే నువ్వులద్దిన గుండ్రటి రొట్టె, విరిచి పెట్టారు, మీ ఉన్ని గ్లవ్ నిండా నువ్వులే. నేను మింగేదాకా అంగుళం కదల్లేదు, అచ్చం మా అమ్మమ్మే.

గుమ్మం దాకా దింపి "గెచ్మిష్ ఓల్సున్" అన్నారు, అంటే త్వరగా తగ్గిపోవాలని. నేనేమో కంగారులో "థాంక్సండీ, వెళ్ళొస్తా" అని తెలుగులో అనేశా, మీరు అర్థమైనట్టే తలూపారు! చాలా థాంక్స్ పెద్దమ్మా అని ఇప్పుడు మీ భాషలో సరిగ్గా చెప్తున్నా, చోక్ తెషెక్కుర్ ఎదెరిమ్, తేయ్‌జె.