డీజీపీ గారికి బహిరంగ లేఖ: ఏ ఉత్తర్వు అమల్లో ఉందో స్టేషన్‌కు తెలియాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి,

నమస్కారం సార్.

నేను ఇటీవలే ఏఎస్ఐగా రిటైర్ అయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రికార్డులు రాసే రైటర్‌గానే పనిచేశాను. ఎస్ఐలు, సీఐలు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. రైటర్ మాత్రం జనరల్ డైరీ (జీడీ), ఎఫ్ఐఆర్ బుక్కు, కేసు డైరీల మధ్యే ఉంటాడు. పైనుంచి వచ్చే ప్రతి కాగితం చివరికి అతని టేబుల్ మీదకే చేరుతుంది. ఆ అనుభవంతో ఒక మాట చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. ఫలానా విషయంలో ఇప్పుడు ఏ ఉత్తర్వు అమల్లో ఉంది, ఏది రద్దయింది అని అడిగితే, నేను పనిచేసిన ఏ స్టేషన్లోనూ గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. చూసి చెప్పడానికి ఒక్క పుస్తకం కూడా లేదు.

ఆ స్టేషన్లన్నిటిలో ఒక ఇనుప బీరువా, దానిలో సర్క్యులర్ల స్టాక్ ఫైల్ ఉండేవి. మెమోలకు చిల్లులు పెట్టి, ట్యాగ్ వేసి, వచ్చిన వరసలో ఒకదాని మీద ఒకటి కట్టేవాళ్లం. చివరిగా నేను చూసిన ఫైల్లో అరెస్టు, నోటీసుల మీదే మూడు మెమోలు ఉన్నాయి. ఒకటి జిల్లా ఆఫీసుది, ఒకటి కొన్ని జిల్లాలను చూసే రేంజ్ ఆఫీసుది, ఇంకొకటి హెడ్‌క్వార్టర్స్‌ది. మూడింటికీ జత చేసిన నమూనా ఫారాలు వేరువేరు. ఒకదాని అంచున ఎవరో పెన్సిల్‌తో ‘పాతది’ అని రాశారు. ఎవరు రాశారో, ఏ ఉత్తర్వు చూసి రాశారో తెలియదు. సంతకం లేదు, తేదీ లేదు. కొత్తగా వచ్చిన ఎస్ఐకి ఆ మూడింటిలో ఏది వాడాలో చెప్పాల్సింది ఆ పెన్సిల్ రాతే.

ఇప్పుడు ఆ స్టాక్ ఫైల్ కూడా పలచబడింది. మెమోలు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలుగా వస్తున్నాయి. కొన్నిసార్లు కింది భాగం తెగిపోయి ఉంటుంది, నంబరు కనపడదు. అది వచ్చిన రోజు గ్రూపులో లేని అధికారికి అలాంటి మెమో ఉన్నట్టే తెలియదు. ఫోన్ మారిస్తే అదీ పోతుంది. వేగంగా చేరుతోంది కదా అంటారు. నిజమే, కానీ చేరిన కాగితం రేపు దొరకాలి కదా సార్.

2024 జూలై 1 నుంచి ఈ ఇబ్బంది ఇంకా ముదిరింది. 1860 నాటి ఐపీసీ, 1973 నాటి సీఆర్పీసీ, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం ఒకేరోజు పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఎఫ్ఐఆర్ నమోదు గురించి చెప్పే సీఆర్పీసీ 154 కాస్తా బీఎన్ఎస్ఎస్ 173 అయింది. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే, నాలుక మీద ఆడే 41ఏ నోటీసు 35(3) కిందకు వెళ్లింది. మన పోలీస్ మాన్యువల్ ఉమ్మడి రాష్ట్రంలో తయారైనది, పాత సెక్షన్ల మీద కట్టినది. స్టాక్ ఫైల్లోని మెమోలూ అంతే. చట్టం మారిన రాత్రి ఆ కాగితాలన్నీ ఏమైనట్టు? కొన్ని ఇంకా పనికొస్తాయి, కొన్నిటిలో సెక్షన్ నంబరు మారిస్తే చాలు, కొన్ని పూర్తిగా చెల్లవు. ఏది ఏ కోవలోకి వస్తుందో విడదీసి చెప్పే పని రైటర్‌ది కాదు, ఎస్ఐది కూడా కాదు.

ఒక ఉదాహరణ చూడండి. నేరం జూన్‌లో జరిగింది, ఫిర్యాదు జూలైలో వచ్చింది. ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ సెక్షన్ వేయాలా, బీఎన్ఎస్ సెక్షన్ వేయాలా? సెక్షన్లు ఐపీసీవి, దర్యాప్తు పద్ధతి బీఎన్ఎస్ఎస్‌ది అని హైకోర్టులు చెప్పాయి. ఇది నాలుగు లైన్ల సూచన. అర్ధరాత్రి ఫిర్యాదుదారు ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ నాలుగు లైన్ల కోసం పక్క స్టేషన్లకు ఫోన్లు చేయడం, అక్కడి రైటర్ ఇంకొకరిని అడగడం, అదీ జరిగేది. ఆ టెన్షన్ కింది సిబ్బందిదే అయినా, ఆలస్యం మాత్రం ఫిర్యాదుదారుది.

కొత్త చట్టం పోలీసుల మీద పెట్టిన గడువులూ తక్కువేం కాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో వచ్చిన ఫిర్యాదు మీద 3 రోజుల్లో సంతకం తీసుకోవాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలి. సోదా, స్వాధీనం వీడియో తీయాలి. ఆ వీడియో ఎవరి ఫోన్‌తో తీయాలి, ఎక్కడ భద్రపరచాలి, కోర్టుకు ఎలా పంపాలి అన్నది చట్టంలో వివరంగా ఉండదు. శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. అది ఒక్కో జిల్లాలో ఒక్కో రకంగా ఉంటే, కోర్టులో డిఫెన్స్ లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. బోనులో నిలబడి జవాబు చెప్పాల్సింది హెడ్ కానిస్టేబుల్.

స్టాండింగ్ ఆర్డర్ (శాఖలో ఎప్పటికీ వర్తించేలా ఇచ్చే ఉత్తర్వు) అంటే శాఖ లోపలి వ్యవహారం, బయటివాళ్లకు దేనికి అనుకునే అధికారులు ఉన్నారు. రౌడీషీట్ సంగతి చూస్తే ఆ మాట నిలబడదు. ఎవరి మీద షీట్ తెరవాలన్నది చెప్పేది మాన్యువల్‌లోని 601వ ఆర్డర్. దాన్ని గడువు దాటి కొనసాగించాలంటే పైఅధికారి ఉత్తర్వు కావాలి. ఎప్పుడో కాలేజీ రోజుల్లో ఒక గొడవలో ఇరుక్కున్న కుర్రాడు, పెళ్లై పిల్లలు పుట్టాక కూడా పండగకీ ఎన్నికలకీ స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆ ఆర్డర్‌లో ఏం రాసుందో అతనికి తెలియదు, ఎన్నేళ్లకు ఎత్తేయాలో అడగడమూ తెలియదు. 2022 జూలైలో మన హైకోర్టు సింగిల్ జడ్జి, స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, వాటి ఆధారంగా రౌడీషీట్లు తెరవడం చెల్లదని తీర్పు ఇచ్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఆ వివాదం ఎటు తేలినా, మనిషి పరువును, బతుకును తాకే ఉత్తర్వు ఆ మనిషికి చదువుకునే వీలు లేకుండా ఉండకూడదు.

అసలు దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం 4(1)(బి) ప్రకారం, సిబ్బంది విధుల్లో వాడే నియమాలు, సూచనలు, మాన్యువళ్లను ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకుండానే ప్రచురించాలి, ఏటా సరిచేయాలి. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని 4(4) చెబుతోంది. ఇరవై ఏళ్లు దాటిన చట్టం ఇది.

వేరేచోట్ల ఇది మామూలు విషయమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పోలీసు విభాగాలు తమ విధానాలు, శిక్షణ సామగ్రి ఆన్‌లైన్‌లో పెట్టాలని 2020 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. ఇంగ్లండ్‌లో కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ దర్యాప్తు, నిర్బంధం లాంటి విషయాలపై ప్రమాణాలను అందరూ చదివేలా ఉంచుతోంది. అంత దూరం ఎందుకు, మన రిజర్వ్ బ్యాంకునే చూడండి. 2025 నవంబర్‌లో 9 వేలకు పైగా సర్క్యులర్లను వడపోసి 244 మాస్టర్ డైరెక్షన్లుగా, అంటే ఒక్కో విషయం మీద సూచనలన్నీ ఒకేచోట ఉండే ఉత్తర్వులుగా కుదించింది. మాస్టర్ డైరెక్షన్‌లో లేని పాతదాన్ని పట్టుకుని ఏ మేనేజరూ వేలాడనక్కర్లేదు. బ్యాంకుల విషయంలో చేయగలిగింది మనిషి స్వేచ్ఛతో ముడిపడిన శాఖలో ఎందుకు చేయలేం?

నేను అడిగేది పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. యాప్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకొకటి వస్తే దాని పాస్‌వర్డ్ కూడా రైటరే గుర్తుపెట్టుకోవాలి. హెడ్‌క్వార్టర్స్‌లో ఒక చిన్న విభాగం కావాలి. దాని బాధ్యత ఒక్క అధికారికి అప్పజెప్పాలి, బదిలీ అయితే ఛార్జి రాసి ఇవ్వాలి. రాష్ట్రంలో ఎవరు సర్క్యులర్ ఇచ్చినా దానికి ఆ విభాగం నంబరు ఉండాలి. మొదటి పేజీలోనే మూడు సంగతులు కనపడాలి: ఎప్పటినుంచి అమలు, ఏ పాత మెమోను రద్దు చేస్తోంది, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు. జిల్లా ఎస్పీ స్థానిక సూచన ఇవ్వాలనుకుంటే ఇవ్వచ్చు, కాకపోతే అది ఏ రాష్ట్ర ఉత్తర్వుకు లోబడి ఉందో రాయాలి. రద్దు చేయడం అనే మాట మీద నాకు పట్టింపు ఎక్కువ. కొత్త ఉత్తర్వు ఇచ్చేవాళ్లు చాలామందిని చూశాను. పాతదాన్ని నంబరుతో సహా తీసేసినవాళ్లు చాలా తక్కువ.

చేరిందా లేదా అన్నది కూడా ఉంది. ఇప్పుడు రోల్‌కాల్‌లో చదివి వినిపించాం అని జీడీలో ఒక ముక్క రాస్తే సరిపోతోంది. ఆ రోజు బందోబస్తుకు వెళ్లినవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు వినరు. చదివి అర్థమైందని ఒక్కొక్కరి సంతకం ఉండాలి, అర్థం కానిదాన్ని అడగడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. తెలుగులో ఉండాలన్నది కూడా అందుకే. పది చదివి కానిస్టేబుల్‌గా చేరినవాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఇంగ్లీషు మెమోలో ఒక లైను అటూ ఇటూ అర్థమైతే రిమాండ్ రిపోర్ట్ దగ్గర మేజిస్ట్రేట్ గారు ఆపుతారు. అనవసర అరెస్టులు వద్దని, అరెస్టుకు కారణాలు చూపే చెక్‌లిస్టు జతచేయాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ చెక్‌లిస్టును జిరాక్స్ తీసి, కారణాల గళ్లలో అన్ని కేసులకూ ఒకే వాక్యం నింపిన రిపోర్టులు నేను చూశాను. రాసిన వాళ్లకు చెడు ఉద్దేశం లేదు. ఆ గడి ఎందుకు పెట్టారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

బందోబస్తు ప్లాన్లు, ఇన్‌ఫార్మర్ల వివరాలు, నిఘా పద్ధతులు బయటపెట్టమని ఎవరూ అనరు. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ వాటికి మినహాయింపు ఇచ్చింది. కానీ ఫిర్యాదు ఎలా తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఎవరికి ఇవ్వాలి, అరవై దాటినవాళ్లను విచారణకు స్టేషన్‌కు పిలవచ్చా, అదుపులో ఉన్న మనిషి గురించి ఇంటివాళ్లకు ఎవరు చెప్పాలి, వీటిలో రహస్యం ఏముంది?

మొత్తం మాన్యువల్ తిరగరాయాలంటే ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. అందుకే ముందు ఐదు విషయాలతో మొదలుపెట్టమని కోరుతున్నాను: ఫిర్యాదు నమోదు, అరెస్టు-నోటీసు, సోదా వీడియో, రౌడీషీట్, స్టేషన్ సీసీటీవీ. వీటిపై ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒకచోట పోసి, చెల్లనివి పేరుపేరునా రద్దు చేసి, మిగిలినదాన్ని తెలుగులో ఒక్కో చిన్న పుస్తకంగా ఇవ్వండి. రాసే కమిటీలో ఐపీఎస్ అధికారులు, న్యాయ సలహాదారులతో పాటు ఇద్దరు ముగ్గురు స్టేషన్ రైటర్లను, కోర్టు డ్యూటీ కానిస్టేబుళ్లను కూర్చోబెట్టండి. ఏ ఫారం ఎక్కడ ఆగిపోతుందో వాళ్లే చెప్పగలరు. పిలిస్తే నాలాంటి రిటైరైనవాళ్లం కూడా వస్తాం, మాకు టీఏ, డీఏలు అక్కర్లేదు.

ఇట్లు,
మీ శాఖలో పనిచేసిన ఒక రిటైర్డ్ ఏఎస్ఐ